డిప్రెషన్‌ను కొలవడానికి ఏది మేలు: హామిల్టన్ స్కేలా, మాంట్‌గొమరీ–ఆస్‌బర్గ్ స్కేలా?

మాక్స్ హామిల్టన్ 1960లో ప్రచురించిన స్కేలులో సాధారణంగా వాడేవి 17 అంశాలు, గరిష్ఠ మార్కులు 52. మాంట్‌గొమరీ, ఆస్‌బర్గ్ 1979లో వెలువరించిన దానిలో 10 అంశాలే ఉన్నా, ఒక్కోదానికి 0 నుంచి 6 వరకు వేస్తారు కాబట్టి మొత్తం 60. రెండూ రోగితో మాట్లాడిన వ్యక్తి మార్కులు వేసేవే. అందుకే వాటి విశ్వసనీయత గురించి మొదట అడగవలసిన ప్రశ్న ఇది: ఒకే రోగిని చూసిన ఇద్దరు ఒకే చోటికి వస్తారా?

హామిల్టన్ స్కేలులో మొత్తం మార్కు దగ్గర ఇద్దరూ బాగానే కలుస్తారు. చిక్కంతా విడి అంశాల దగ్గర. ఒకరు అపరాధ భావానికి 2, ఆందోళనకు 1 వేసి, మరొకరు వాటిని తారుమారు చేస్తే మొత్తం 3గానే ఉంటుంది, కానీ వారు చూసిన రోగి ఒకరేనా అన్న అనుమానం మిగులుతుంది. పైగా కొన్ని అంశాల్లో లక్షణం ఎంత తీవ్రంగా ఉందన్నదీ, ఎంత తరచుగా వస్తోందన్నదీ కలగలిసి ఉంటాయి. ప్రశ్నలను ముందే రాసిపెట్టిన ఇంటర్వ్యూ పద్ధతి 1988లో వచ్చాక ఈ తేడా కొంత తగ్గింది. ఆ పద్ధతి పాటించకుండా తీసుకున్న హామిల్టన్ మార్కును నేను అంత తేలిగ్గా నమ్మను.

నిద్రకు ఎక్కువ మార్కులిస్తుందని హామిల్టన్‌ను నిందించడం పరిపాటి, కానీ రెండు స్కేళ్లలోనూ నిద్రకు దక్కే గరిష్ఠం 6 మార్కులే. అసలు తేడా దిగులు దగ్గర కనిపిస్తుంది. హామిల్టన్‌లో దిగులుకు 52లో 4 మార్కులు ఉండగా, రెండో స్కేలులో ముఖంలో కనిపించే దిగులుకూ రోగి చెప్పే దిగులుకూ కలిపి 60లో 12 ఉన్నాయి. చికిత్సతో వచ్చే మార్పును పట్టుకోగల అంశాలనే ఏరి దీన్ని కూర్చారు. లోపం లేదని కాదు: 0, 2, 4, 6 అంకెలకే వివరణ ఉంది, మధ్యలోని 1, 3, 5లను మార్కు వేసేవారి విచక్షణకు వదిలేశారు.

రోగి తానే నింపే తొమ్మిది ప్రశ్నల పత్రం పీహెచ్‌క్యూ-9లో మార్కు వేసే మనిషి ప్రసక్తే లేదు కాబట్టి ఆ తగాదా ఉండదు. అయితే నిద్ర పట్టకపోవడం, అతిగా నిద్రపోవడం అక్కడ ఒకే ప్రశ్నలో ఉన్నాయి. మొదటిది పోయి రెండోది వచ్చినా మార్కు కదలకపోవచ్చు.

స్కేళ్లను పోల్చే అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒక వైద్యుడు ప్రతి రోగికీ రెండో వైద్యుడికంటే సరిగ్గా 3 మార్కులు ఎక్కువ వేస్తే, ఇద్దరి మార్కులు ఎంతవరకు కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే సహసంబంధ గుణకం (కోరిలేషన్) గరిష్ఠమైన 1 వస్తుంది, ఏకీభావం మాత్రం లేదు. అందుచేత మార్కుల మధ్య నిజమైన తేడాను కూడా లెక్కించే అంతర్వర్గ సహసంబంధ గుణకాన్నే చూడాలి. స్కేలులోని అంశాలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా అంశాల సంఖ్యతో పాటు పెరిగే గుణం గలది కనుక, 17 అంశాల స్కేలును 10 అంశాలదానితో ఆ ఒక్క అంకెతో తూచడం న్యాయం కాదు.

చికిత్స పొడవునా ఒకే రోగిని గమనించాలంటే నా ఓటు మాంట్‌గొమరీ–ఆస్‌బర్గ్‌కే. పాత పరిశోధనలతో పోల్చక తప్పనప్పుడు హామిల్టన్‌ను, అదీ రాసిపెట్టిన ప్రశ్నలతోనే, వాడాలి. ఏది ఎంచుకున్నా, మార్కులు వేసే ఇద్దరు కొందరు రోగులను ముందుగా కలిసి చూసి, ఎవరికివారు మార్కులు వేసుకుని, అంశాలవారీగా సరిచూసుకున్నాకే అసలు కొలత మొదలుపెట్టాలి.