గోజోలో నాలుగు రోజులు: గాలి చూసుకుని బీచ్‌కి

మాల్టా వెళ్లినవాళ్లు చాలామంది గోజోని ఒక్కరోజు టూరులో చుట్టేసి వస్తారు. 67 చదరపు కిలోమీటర్ల దీవే కదా అనిపిస్తుంది గానీ, విశ్రాంతి కోసమైతే నాలుగు రాత్రులు అక్కడే ఉండాలి. టూరు జనం వెళ్లిపోయాక సాయంత్రాలు ఊళ్లు ప్రశాంతంగా ఉంటాయి.

ఎయిర్‌పోర్టు నుంచి ఎక్స్1 బస్సు చిర్కెవ్వా రేవుకు వెళ్తుంది. గంటన్నర పైనే పట్టొచ్చు, ట్రాఫిక్‌ని బట్టి. అక్కడి నుంచి కార్లు ఎక్కించే పెద్ద ఫెర్రీలో 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, కంగారు పడొద్దు. తిరిగొచ్చేటప్పుడు గోజో వైపున ఇమ్జార్ రేవులోనే డబ్బులు కట్టాలి. మాల్టా రాజధాని వాలెట్టా నుంచి ఫాస్ట్ ఫెర్రీ 45 నిమిషాల్లో దింపుతుంది. సామాను తక్కువుంటే అదే సుఖం, కాకపోతే సముద్రం అల్లకల్లోలంగా ఉన్నరోజు రద్దవుతుంది.

బస దగ్గరే చాలామంది పొరబడతారు. స్విమ్మింగ్ పూల్ ఉన్న పాత రాతి ఫామ్‌హౌస్‌లు ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి. కానీ చాలావాటిలో ఏసీ పడగ్గదులకే, కరెంటు బిల్లు విడిగా ఉండొచ్చు. బుక్ చేసేముందే రెండూ అడగాలి. పైగా అవి ఊరి చివర ఉంటే కారు లేనిదే కష్టం. బస్సులు దాదాపు అన్నీ గోజో ముఖ్యపట్టణం విక్టోరియాకే చేరతాయి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాలన్నా ఎక్కువసార్లు అక్కడే మారాలి. కారు వద్దనుకుంటే విక్టోరియాలోనే గది తీసుకోండి. కారు తీసుకుంటే మనకు ఇబ్బంది లేదు, అక్కడా ఎడమవైపే నడుపుతారు. ప్లగ్గులు మాత్రం బ్రిటన్ రకం, మన పిన్నులు పట్టవు.

ఏ బీచ్‌కి వెళ్లాలన్నది పొద్దున్నే గాలి చూసి తేల్చుకోవాలి. వాయవ్యం నుంచి గట్టిగా వీస్తే ఉత్తరాన ఉన్న ఎర్ర ఇసుక రమ్లా, మార్సల్‌ఫోర్న్ అలలతో కలతపడతాయి, జెల్లీచేపలు కూడా కొట్టుకురావచ్చు. దక్షిణ గాలైతే నైరుతి తీరంలోని ష్లెండి వైపు పోవద్దు, రమ్లా ప్రశాంతంగా ఉంటుంది. పడమటి తీరాన ద్వెయ్రాలోని ప్రసిద్ధ రాతి తోరణం 2017 మార్చిలో కూలిపోయింది. పాత ఫొటోలు చూసి వెళ్తే నిరాశే. అయినా పక్కనే ఇన్‌లాండ్ సీ అనే ఉప్పునీటి మడుగు ఉంది: కొండలో సన్నటి సొరంగం గుండా చిన్న పడవ చీకట్లోంచి ఒక్కసారిగా నీలి సముద్రంలోకి తేలుతుంది. అల ఎక్కువుంటే పడవలు కదలవు.

షారా ఊళ్లోని జిగాంతియా గుడులు క్రీస్తుపూర్వం 3600 నాటివి, పిరమిడ్ల కంటే పాతవి. ఎండెక్కితే నీడ ఉండదు, తెరవగానే వెళ్లాలి.

శాకాహారులకు పస్తిత్సి అనే చిరుతిండి ఉంది. కజ్జికాయకు కరకరలాడే పొరల చొక్కా తొడిగినట్టుంటుంది. నడుమ తెరుచుకున్న పడవ ఆకారం రికోటా జున్నుది, పక్కన మడత పెట్టినది బఠాణీది. పిండిలో పందికొవ్వు వాడారేమో అడిగి మరీ కొనండి.