మా ఊళ్ళో దిగిన అగ్రికల్చర్ స్టూడెంట్లు: అయిదుకి నాలుగు

వరి పండించేవాడికి సలహాలిచ్చేవాళ్ళకు కొదవ లేదు. ఎరువుల కొట్టువాడు ఇస్తాడు, పక్క చేనువాడు ఇస్తాడు, ఈ మధ్య యూట్యూబ్ కూడా ఇస్తోంది. పంట పోతే వీళ్ళెవరికీ పైసా నష్టం లేదు, కొట్టువాడికైతే ఇంకో రెండు డబ్బాలు అమ్ముడవుతాయి. అందుకే భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి, అదే ఓయూఏటీ అంటారే, స్టూడెంట్లు మా ఊరికి వస్తున్నారంటే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మాది ఒడిశాలో కాశీనగర్ వైపు, వంశధార ఒడ్డు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ. మా వైపు రైతులకు పనికొస్తుందని ఈ రివ్యూ.

ముందు ఇదేంటో చెప్తాను. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగో ఏడాదిలో పిల్లలు కొన్నాళ్ళు పల్లెల్లో రైతుల వెంట తిరగాలి. దీన్ని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ‘రావే’ (RAWE), అంటే పల్లెలో వ్యవసాయ పని అనుభవం అంటారు, 2015 నుంచి స్టూడెంట్ రెడీ అనే పెద్ద కార్యక్రమంలో కలిపారు. దీనికి మార్కులుంటాయి. మార్కుల కోసమే వచ్చారని మావాళ్ళు మొదటిరోజే తేల్చేశారు. నిజమే, మార్కుల కోసమే. నాకేం అభ్యంతరం లేదు, పని జరిగిందా లేదా అన్నదే లెక్క.

వచ్చీరాగానే రామమందిరం ముందు రంగుపొడులతో నేలమీద ఊరి పటం వేశారు. ఇదేం పిల్లలాట అనుకున్నాం. కానీ ఆడవాళ్ళు ఊరుకుంటారా, చెరువు ఇటు కాదు అటు, ఆ గీత వంకర అంటూ వచ్చి ముగ్గు సరిదిద్దడం మొదలెట్టారు. ఆ సరిదిద్దడంలోనే ఏ బోరు ఎండిపోయింది, ఏ కాలవ పూడిపోయింది, ఎవరి మడికి చివరిదాకా నీరు రావట్లేదు అన్నీ బయటికొచ్చాయి. పంచాయతీ మీటింగులో నోరెత్తని వాళ్ళు కూడా మాట్లాడారు.

నాకు బాగా నచ్చింది విత్తనం పని. బక్కెట్లో నీళ్ళు పోసి, కోడిగుడ్డు వేసి, అది పైకి తేలేదాకా ఉప్పు కలుపుతూ పోయారు. మా పెదనాన్న చూసి "ఏటి బాబూ, గుడ్డు కూరలోకి గానీ ఇత్తనాలకేటి?" అని నవ్వాడు. గుడ్డు తేలాక దాన్ని తీసేసి విత్తనాలు పోశారు. మేం మంచివే అనుకుని దాచుకున్న వాటిలో తాలు, అరకొర గింజలు ఎన్ని తేలాయో చూసి నవ్విన పెదనాన్న కూడా నోరు మూసుకున్నాడు. మునిగినవాటిని మంచినీళ్ళతో కడిగి, కిలోకి 3 గ్రాముల కార్బెండజిమ్ అనే తెగుళ్ళ మందు పొడి పట్టించమన్నారు. ఖర్చు దాదాపు ఉప్పు ఖర్చే. ఆకుమడిలో మొలక ఎప్పుడూ లేనంత సమానంగా వచ్చింది.

తర్వాత మట్టి పరీక్ష. ఒడిశాలో ఎక్కువ భాగం ఆమ్ల నేలలు, అంటే పులుపు నేలలు. అలాంటి నేలలో భాస్వరం ఇనుము, అల్యూమినియంతో కలిసి బిగుసుకుపోతుంది, భాస్వరం ఉండే డీఏపీ ఎరువు బస్తాలకు బస్తాలు పోసినా మొక్కకు అందేది కొంచెమే. ఈ ఒక్క ముక్క ఇన్నేళ్ళలో ఎరువులు అమ్మినవాడెవడూ మాకు చెప్పలేదు, ఎందుకు చెప్తాడు లెండి. మా మెట్ట చేను పీహెచ్ 5.2 అని వచ్చింది, పీహెచ్ అంటే నేల పులుపు కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. వరి మడిలో నీరు నిలబడితే పీహెచ్ దానంతటదే కొంత పెరుగుతుంది కాబట్టి పులుపు తగ్గించే సున్నం ముందు మెట్ట చేలకే వేయమన్నారు, మినుము, వేరుశనగ వేసే చోట. కాగితం మిల్లుల నుంచి వచ్చే సున్నపు బురద కూడా దీనికి పనికొస్తుందని ఓయూఏటీ పరిశోధకులే పరీక్షించి చెప్పారట. రాయగడ పక్కనే కాగితం మిల్లు ఉన్న మనకు ఇది తెలియకపోవడం ఏమిటో.

ఇక్కడే అర మార్కు పోయింది. మట్టి తీసుకున్న ల్యాబు పేరు రాయను గానీ, రిపోర్టు చేతికొచ్చేసరికి ఉభాలు, అంటే వరి నాట్లు, అయిపోయాయి. పైగా మొత్తం ఒడియాలో ఉంది. బడికెళ్ళిన మా పిల్లలు చదువుతారు, వాళ్ళ తాతలు చదవలేరు. పాతపట్నంలో మా బావకి ఆంధ్రా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ సలహాలు తెలుగులో వస్తాయి, నాకు వాట్సాప్‌లో పంపిస్తాడు. వరి రసం పీల్చే సుడిదోమ పట్టకుండా ప్రతి 2 మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమన్నది వాటిలో చదివే మేం మొదలెట్టాం. రెండూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే, రాసేది ఒకే పంట గురించి, ఆ తెలుగు కరపత్రాలు ఇటువైపు కేంద్రాల్లో ఒక కట్ట పెట్టడానికి ఏమవుతుందో నాకైతే అర్థం కాదు.

విత్తనం మార్చమంటే మాత్రం మావాళ్ళు ససేమిరా అన్నారు. మాకు స్వర్ణ ఉంటే చాలు, 1982లో ఆంధ్రాలోని మార్టేరులో విడుదలైన ఎంటీయూ 7029, ఇంక వేరే బియ్యం నోటికి ఎక్కవు. అప్పుడొక అమ్మాయి స్వర్ణ-సబ్1 సంగతి చెప్పింది. వంశధార పొంగితే మా పల్లపు మడులు మునుగుతాయి, 2018లో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాని ఏం చేసిందో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఒడిశా నాటు వరి నుంచి వచ్చిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే రకానికి రోజుల తరబడి మునిగినా బతికే గుణం ఉంది. దానికి కారణమైన జన్యువుని అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి పట్టుకుని 2006లో ప్రకటించారు. ఆ గుణాన్ని స్వర్ణలోకి ఎక్కించిన విత్తనం 2009లో మన దేశంలో విడుదలైంది. దాదాపు రెండు వారాలు మునిగినా తట్టుకుంటుంది, మునగకపోతే మామూలు స్వర్ణలాగే పండుతుంది. అంతా విని మా పెదనాన్న "అయితే పిల్ల ఆంధ్రా, పిల్లడు ఒడిశా, పెళ్ళిపెద్దలు అమెరికావోళ్ళన్నమాట" అన్నాడు. పల్లపు మడి ఒకదాంట్లో వేయడానికి ఒప్పుకున్నాడు కూడా.

ఇంకో సౌకర్యం అనుకోకుండా దొరికింది. బ్లాకు ఆఫీసులో వ్యవసాయం చూసే ఆయన కూడా ఓయూఏటీలోనే చదివాడట. సీనియర్ కదా, పిల్లలు ఫోన్ చేస్తే ఎత్తుతాడు. మేం చేస్తే రింగై ఆగిపోయేది. ఇప్పుడు "ఫలానా అమ్మాయి ఇచ్చింది సార్ నంబరు" అంటే మాట్లాడుతున్నాడు. పిల్లలు వెళ్ళిపోయాక మిగిలింది ఆ నంబరు ఒక్కటే, వచ్చే బ్యాచ్ మా ఊరికే వస్తుందన్న గ్యారంటీ ఏం లేదు. పొట్టదశలో మొగి పురుగు పడినప్పుడు పక్కన ఎవరూ లేరు, అదీ లోటే. నాలుగు మార్కులకు మించి ఇవ్వకపోవడానికి సగం కారణం ఇదే.

మీ ఊరికి వస్తే చేయాల్సింది ఇది. దుక్కికి ముందే, ఎరువు వేయకముందే మట్టి తీయండి. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంట కుప్ప దగ్గర వద్దు. చేనంతా వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల జానెడు లోతులో తీసి, కలిపి, నీడన ఆరబెట్టి అర కిలో చాలు. పేరు, పొలం ఖాతా నంబరు, ఫోన్ నంబరు రాసిన చీటీ గుడ్డ సంచి లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి, పెన్సిల్‌తోనే రాయండి, పెన్నుతో రాస్తే తేమకి అలికిపోతుంది. ఎండాకాలంలోనే ఇచ్చేస్తే ఉభాలకి ముందు రిపోర్టు వచ్చే అవకాశం ఉంటుంది.