ఖరీదైన ఎయిర్ పిస్టల్ మొరాయిస్తే: డీలరా, కంపెనీయా, ఆటోనగరా?

లక్షన్నర, రెండు లక్షలు పోసి కొన్న పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి ఏమీ కాదని చాలామంది తల్లిదండ్రుల ధీమా. స్విట్జర్లాండ్ మోరినీ అయినా, ఆస్ట్రియా స్టేయర్ అయినా, జర్మనీ వాల్తర్ అయినా లోపల ఉండేవి రబ్బరు సీళ్లు, స్ప్రింగులు, మరలే. వాడేకొద్దీ అరుగుతాయి. కొనేటప్పుడు గ్రిప్ సైజు గురించి, ఏ ఛాంపియన్ ఏది వాడుతున్నారన్న దాని గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. చెడితే ఎవరు చూస్తారని మాత్రం అడగం. విజయవాడ, గుంటూరు షూటర్లకి నా దృష్టిలో బ్రాండ్ కన్నా ఆ ప్రశ్నే ముఖ్యం.

ముందు అసలు తప్పు పిస్టల్‌దేనా అన్నది తేలాలి. పాయింట్లు తగ్గగానే పిల్లలు పిస్టల్‌ని అంటారు, కోచ్ ట్రిగ్గర్ గుంజుతున్నావని పిల్లల్ని అంటాడు. ఈ తగువు తీర్చేది బెంచ్ వైస్, అంటే బల్లకి బిగించే ఇనుప పట్టు. ఫ్రేమ్‌ని మెత్తటి రబ్బరు ముక్కల మధ్య, మరీ బిగించకుండా పట్టించి, ఒకే డబ్బాలోని పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) పది టార్గెట్ కాగితం మీద కొట్టి చూడండి. మంచి పిస్టల్ అయితే పదీ కలిసిపోయి అంచులు చిరిగిన ఒకే కన్నంలా కనబడతాయి. కన్నాలు నిలువుగా ఒకదాని కింద ఒకటి సాగితే, ప్రతి షాట్‌కీ గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్‌ని అనుమానించాలి. ఎయిర్ పిస్టల్ పెల్లెట్ వేగం సెకనుకు 150 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అందులో పది తగ్గితే పది మీటర్ల దగ్గర సుమారు మూడు మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. పది పాయింట్ల వలయం మొత్తం వెడల్పే 11.5 మిల్లీమీటర్లు. అంచున పడాల్సిన పది తొమ్మిదవడానికి ఆ కాస్త చాలు. గుంపు చక్కగా ఉంటే మాత్రం పిస్టల్‌ని వదిలేసి కోచ్ మాట వినడం మంచిది.

లోపం పిస్టల్‌దే అని తేలాక మూడు దారులు. దగ్గర్లో ఉన్నది ఆటోనగర్. లారీ ఇంజన్ నుంచి బోరు మోటారు దాకా అక్కడ బాగుచేయలేనిది లేదంటారు, అది నిజమే. “ఇలా ఇవ్వండి సార్, అరగంటలో చేసిస్తా” అనే మేస్త్రి పనితనం మీద నాకు గౌరవం ఉంది. గ్రిప్ చెక్క అరగదీయాలన్నా, బరువుల కోసం చిన్న ఇత్తడి ముక్క లేత్ మీద తీయించాలన్నా నేనూ అక్కడికే పంపిస్తాను. సిలిండర్, రెగ్యులేటర్, ట్రిగ్గర్, బ్యారెల్ మూతి, ఈ నాలుగింటి మీద మాత్రం చెయ్యి వేయనివ్వకూడదు. సిలిండర్‌లో 200 బార్ల గాలి ఉంటుంది, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు వంద రెట్లు. బిగుసుకుపోయిందని మామూలు ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క వేసినా, ఆ ఒత్తిడిలో ఆయిల్ అంటుకునే ప్రమాదం ఉంది. గాలి కారకుండా ఆపే రబ్బరు వలయానికి, అదే ఓ-రింగ్‌కి, సిలికాన్ గ్రీజే వాడాలి. ఇంకో సంగతి, ఒకసారి బయట విప్పించాక వారంటీ గురించి డీలర్‌తో మాట్లాడే మొహం మనకుండదు.

రెండోది నేరుగా కంపెనీకి పంపడం. పనితనంలో దీన్ని మించింది లేదు. తయారుచేసినవాళ్లే విప్పి, సీళ్లు మార్చి, పరీక్షించి ఇస్తారు. బాధంతా రానూపోనూ దారిలోనే. సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి విడిగా ప్యాక్ చేయాలి, లేకపోతే విమానం ఎక్కనివ్వరు. చాలా కొరియర్ ఆఫీసుల్లో పిస్టల్ అన్న మాట వినగానే పార్శిల్ వెనక్కి తోసేస్తారు. కస్టమ్స్ కాగితాల్లో ‘మరమ్మతు కోసం’ అని పంపేటప్పుడే రాయించి, సీరియల్ నంబర్ నమోదు చేయించాలి. అలా చేస్తే తిరిగొచ్చేటప్పుడు సుంకం మరమ్మతు ఖర్చు, బీమా, రవాణాల మీదే పడుతుంది. చేయకపోతే కొత్త పిస్టల్ దిగుమతి చేసుకున్నట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది. రాష్ట్ర పోటీల ముందు ఈ టెన్షన్ ఎవరికి కావాలి?

మూడోది మన దేశంలో ఉన్న డీలర్. ఢిల్లీవాడో, ముంబైవాడో అవుతాడు. ఫోన్లో “చూద్దాం సార్, పార్ట్ రావాలి” అని నెలలు లాగేవాళ్లున్నారు. వేరేచోట కొన్నదని తెలియగానే “ఇది మా బిల్లు కాదండీ” అని పెట్టేసేవాళ్లూ ఉన్నారు. అయినా నా ఓటు డీలర్‌కే, అదీ మనం బిల్లు తీసుకున్న డీలర్‌కి. కారణం చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. గుంటూరువాళ్లు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి చూడండి, కొన్ని అక్కడితోనే తెగుతాయి. వైస్‌లో కొట్టిన ఆ టార్గెట్ కాగితం మీద తేదీ, సీరియల్ నంబర్ రాసి దాచుకుంటే అప్పుడు పనికొస్తుంది. విదేశం నుంచి తెలిసినవాళ్ల చేత ముప్పై వేలు తక్కువకి తెప్పించుకున్న పిస్టల్‌కి డీలర్ మీద వెళ్లే ఈ దారి ఉండదు.

ట్రిగ్గర్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మోరినీ 162ఈఐలో ట్రిగ్గర్ ఎలక్ట్రానిక్, బ్యాటరీతో నడుస్తుంది. స్టేయర్ ఎల్‌పీ10 మెకానికల్. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకే ఒత్తిడికి పేలుతుంది, వేలికి హాయి. కానీ బోర్డు పోతే పార్ట్ మార్చడం తప్ప చేసేదేం లేదు. మెకానికల్‌లో మర సడలి, ట్రిగ్గర్ లాగడానికి ఉండాల్సిన 500 గ్రాముల కనీస బరువు తప్పినా, కోచ్ రేంజ్‌లోనే ఆలెన్ కీతో సరిచేస్తాడు. దగ్గర్లో సర్వీస్ లేని మన ఊళ్లకి మెకానికలే మేలంటాను. ఒలింపిక్స్ స్థాయిలో లెక్క వేరు, అయినా లోపం అక్కడా వదల్లేదు. 2021లో టోక్యోలో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన సమయం పోయింది, 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. సాధారణంగా పదేళ్లే దాని ఆయుష్షు, గడువు దాటితే పోటీలో సామగ్రి తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ దగ్గర ఆపేయొచ్చు. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, చేతిపంపుకి తేమ పీల్చే ఫిల్టర్ లేకుండా నింపిన సిలిండర్ లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, మే నెల ఎండలో బెంజ్ సర్కిల్ దగ్గర పార్క్ చేసిన కారులో నిండు సిలిండర్ వదిలేసిన చరిత్ర ఉందేమో అమ్మేవాణ్ని అడగండి.

డీలర్‌ని ఎంచుకునే ముందు ఫోన్ చేసి రెండే అడగండి: ఈ మోడల్ సీల్ కిట్ ఇప్పుడు మీ దగ్గర ఉందా, దాని ధరెంత? ఉన్నవాడు అప్పటికప్పుడు ధర చెప్తాడు. “ముందు పిస్టల్ తీసుకోండి సార్, అవన్నీ తర్వాత చూసుకుందాం” అన్నవాడి దగ్గర, పదివేలు తక్కువైనా, కొనకండి.