తిత్లీ తుపాను తర్వాత కొన్న జనరేటర్, దాదాపు ఏడేళ్ల వాడకం తర్వాత నా మాట

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు, ఇంటికి సముద్రం మూడు కిలోమీటర్లు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మా మీదుగానే తీరం దాటింది, తెల్లారి తలుపు తీస్తే కొబ్బరి చెట్లు లేవు, జీడి తోట లేదు, కరెంటు స్తంభాలు రోడ్డు పొడుగునా పడున్నాయి. మా వీధికి కరెంటు మళ్లీ వచ్చింది 14వ రోజున. చీకట్లో ఎలాగోలా గడిపేశాం, ఉక్కపోత కూడా ఓర్చుకున్నాం, నీళ్ల దగ్గరే ప్రాణం పోయినంత పనైంది. బోర్లో నీళ్లున్నాయి, పైకి తెచ్చే దారి లేదు. అమ్మకి షుగర్, ఆవిడ ఇన్సులిన్ కుండలో తడిగుడ్డ చుట్టి పెట్టాం.

నాలుగో రోజున తెలిసినవాళ్ల టెంట్‌హౌస్ నుంచి 2 కేవీఏ (జనరేటర్ సత్తాకి కొలత) జనరేటర్ తెచ్చుకున్నాం. లైట్లు వెలిగాయి, వీధిలో ఫోన్లన్నీ చార్జింగ్ పెట్టాం, కానీ బోరు మోటార్ స్విచ్ వేయగానే ఇంజను మూలిగి ఆగిపోయింది, మళ్లీ వేస్తే మళ్లీ అంతే. మోటార్ 1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా, ఎందుకు లాగట్లేదు అని అందరం తలలు పట్టుకున్నాం. తర్వాత మా ఊరి ఎలక్ట్రీషియన్, నాకు వరసకి మావయ్య, విడమరిచి చెప్పాడు. ఆ 746 అనేది మోటార్ చేసే పని లెక్క, అది లాగే కరెంటు దానికంటే ఎక్కువ, మాది తిరుగుతున్నప్పుడే పదకొండు వందల వాట్ల పైన తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో అయితే దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ ఒక్క క్షణాన్ని తట్టుకోలేకపోతే జనరేటర్ ఉన్నా నీళ్లు రావు. అందుకే ఎవరడిగినా నేను ముందు అడిగేది మీ మోటార్ ఎంత, సబ్‌మెర్సిబులా (బోరు లోపల నీళ్లలో ఉండేది) పైన పెట్టేదా అనే, లైట్లు ఫ్యాన్ల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

2019 జనవరిలో విశాఖ వెళ్లి 5 కేవీఏ పెట్రోల్ జనరేటర్ తీసుకున్నా, సెల్ఫ్ స్టార్ట్, చక్రాలున్నది, బిల్లు 72 వేలు అయింది. డీజిల్ సైలెంట్ సెట్ కూడా చూశాను, రోజూ గంటలు గంటలు నడిపేవాళ్లకి అదే మంచిది, కానీ ఏడాదికి పది రోజులు వాడేదానికి అంత డబ్బు పెట్టలేకపోయాను, పైగా దాన్ని కదపాలంటే నలుగురు మనుషులు కావాలి.

ఇప్పుడు బిగింపు గురించి, ఇది మాత్రం దయచేసి మొత్తం చదవండి. షాపులో ఒక వైరు ఇచ్చారు, రెండు చివర్లా ప్లగ్గే, ఒకటి జనరేటర్‌కి ఇంకోటి గోడ సాకెట్‌కి పెట్టేయండి ఇల్లంతా వస్తుంది అన్నారు. నేనూ అలాగే పెట్టబోతుంటే మావయ్య చేతిలోంచి లాక్కున్నాడు. అలా పెడితే మన కరెంటు మీటర్ దాటి వెనక్కి లైన్లోకి పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో 230 వోల్టులు తిరిగి 11 వేలవుతాయి, అటు స్తంభం మీద లైన్‌మేన్ సప్లై లేదనుకుని తీగ పట్టుకుని ఉంటాడు. తిత్లీ తర్వాత ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కరెంటు సిబ్బంది మా పొలాల్లో బురదలో రాత్రీ పగలూ పని చేశారు, వాళ్ల మొహాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ వైరు అదే రోజు ముక్కలు చేసి పడేశాం.

మీటర్ తర్వాత చేంజోవర్ స్విచ్ పెట్టించాం, రెండు పోల్స్‌ది, అంటే ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) రెండూ మారతాయి. పైకి లేపితే లైను, కిందకి దించితే జనరేటర్, మధ్యలో ఆఫ్, రెండూ ఒకేసారి కలిసే మార్గమే ఉండదు. స్విచ్, కేబుల్, కూలి అన్నీ కలిపి ఏడు వేల లోపే. ఉప్పూ బొగ్గూ వేసి వేరే ఎర్తింగ్ గుంట కూడా తవ్వించాం. టెస్టర్ పెడితే ఫేజులోనే లైట్ వెలగాలి, మొదట్లో రెండు వైర్లలోనూ వెలిగేది, మావయ్య జనరేటర్ దగ్గరే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపాక సరిపోయింది. ఇది మీరు సొంతంగా చేయకండి, తెలిసినవాళ్లతోనే చేయించండి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి ఇంకో మాట, జనరేటర్ నడుస్తున్నా మా ఇన్వర్టర్ చార్జింగ్ తీసుకునేది కాదు, వెనకాల చిన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉంది, నార్మల్‌కి మార్చగానే తీసుకుంది.

మొదటిసారి గట్టిగా వాడింది 2019 మేలో ఫొని తుపాను అప్పుడు. వాన పడుతోందని జనరేటర్‌ని వెనక వరండాలో పెట్టాను, అరగంటకి అమ్మ తలనొప్పి, వికారం అంది, వెంటనే ఆపేసి అందరం బయటికొచ్చేశాం. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో ఉంటే తెలియకుండానే మనుషులు పోతారు. ఆ నెల్లోనే ఇంటికి ఇరవై అడుగుల దూరంలో అడుగు ఎత్తు సిమెంట్ గట్టు కట్టించి, పైన రేకు వేసి నాలుగు వైపులా ఖాళీగా వదిలేశాను.

తర్వాత 2021 సెప్టెంబర్ 26, గులాబ్ తుపాను రాత్రి. అంతకుముందు ఎనిమిది నెలలు దాన్ని ముట్టుకోలేదు, సెల్ఫ్ కొడితే బ్యాటరీ డౌన్, తాడు లాగి లాగి చేతులు బొబ్బలెక్కినా స్టార్ట్ అవలేదు. పొద్దున మెకానిక్ కార్బరేటర్ విప్పితే అడుగున పాత పెట్రోల్ జిగురులా గట్టిపడి జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని కంత) మూసుకుపోయి ఉంది. తప్పు నాదే. అప్పట్నుంచి నెలకోసారి పదిహేను నిమిషాలు నడుపుతా, ఖాళీగా కాదు, మోటార్ వేసి ట్యాంకు నింపుతా, ఆపేటప్పుడు పెట్రోల్ కాక్ కట్టేసి కార్బరేటర్లో ఉన్నది అయిపోయి దానంతట అదే ఆగేదాకా వదిలేస్తా. మళ్లీ ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, మాలాంటి తీరం ఊళ్లలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

ఖర్చు చూస్తే సగం లోడ్ మీద గంటకి లీటరున్నర తాగుతుంది. అందుకే రోజంతా నడపం, పొద్దున గంట, సాయంత్రం గంటన్నర, అంతే. మోటార్ వేసి వెయ్యి లీటర్ల ట్యాంకు నింపడానికి అరగంట, ఆ తర్వాతే ఫ్రిజ్, ఇన్వర్టర్ చార్జింగ్. మోటార్ స్టార్ట్ చేసేటప్పుడు మిగతావన్నీ ఆఫ్‌లో ఉండాలి, ఇది ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. ఇంజనాయిల్ మొదట 20 గంటలకి, తర్వాత ప్రతి 100 గంటలకి మారుస్తున్నా. ఉప్పుగాలికి సైలెన్సర్ తుప్పు పట్టి ఒకసారి మార్చాం, సెల్ఫ్ బ్యాటరీ రెండుసార్లు. శబ్దం ఎక్కువే, దాపరికం లేదు, రాత్రి తొమ్మిది తర్వాత నడపను.

గులాబ్ అప్పుడు బాగుచేయించిన రోజే ప్రహరీ గోడకి బయటివైపు ఒక కుళాయి పెట్టించాను. కరెంటు లేని రోజుల్లో జనరేటర్ శబ్దం వినపడగానే వీధిలో వాళ్లు బిందెలతో వచ్చేస్తారు, పెట్రోల్‌కి తలా కొంచెం వేసుకుంటాం, ముసలివాళ్ల దగ్గర తీసుకోం. ఏటా సెప్టెంబర్ ఆఖర్లో ఇనప క్యాన్‌లో 20 లీటర్లు తెచ్చి పెడతా, ఎందుకంటే తుపాను వచ్చాక బంకుల్లో కూడా కరెంటు ఉండదు. 30 లీటర్లు దాటితే లైసెన్సు కావాలి కాబట్టి అంతకంటే ఎక్కువ ఉంచను. డిసెంబర్ దాకా ఏ తుపానూ రాకపోతే ఆ పెట్రోల్ బండిలో పోసేసుకుంటా.