క్లైమేట్ పిల్లల సిటీ ప్రయాణం టూర్: తప్పకుండా వెళ్ళండి, కానీ ఆదివారం ఒక్కటే చాలదు

వాతావరణ మార్పు మీద పనిచేసే కాలేజీ పిల్లలు కొందరు సికింద్రాబాద్ స్టేషన్ నుంచి ఆదివారం పొద్దున ఒక టూర్ నడుపుతున్నారు. ముందు ఎంఎంటీఎస్ లోకల్ రైలు, తర్వాత నడక, ఆపైన మెట్రో, చివర్లో సిటీ బస్సు. ఫీజేమీ లేదు, టికెట్లు ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే డిగ్రీ అమ్మాయి "ఆంటీ, మీరు రోజూ బస్సులోనే కదా ఆఫీసుకెళ్ళేది, మీలాంటివాళ్ళు రావాలి" అని నన్ను లాక్కెళ్ళింది. చాలా నచ్చింది. నచ్చనివి కూడా ఉన్నాయి, అవీ రాస్తాను, ఎందుకంటే ఈ పిల్లలు మళ్ళీ మళ్ళీ చేయాల్సిన పని ఇది.

ముందు వీళ్ళెవరో చెప్తాను. 2018లో స్వీడన్‌లో గ్రేటా థున్‌బర్గ్ బడి మానేసి పార్లమెంటు ముందు కూర్చోవడం, మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ప్రపంచమంతా పిల్లలు రోడ్ల మీదికి రావడం చూసి పెరిగిన వయసు వీళ్ళది. అయితే వీళ్ళలో కొందరు ఒకరికొకరు పరిచయమైంది మాత్రం 2025లో, కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే పక్కనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం నిలబడ్డ రోజుల్లో. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ నరికివేత ఆపించింది కదా, ఆ తర్వాత ఇళ్ళకు వెళ్ళిపోకుండా "మరి రోజూ మనం పీల్చే పొగ సంగతేంటి" అని బస్సుల మీద దృష్టి పెట్టారట. సరైన చోటే పెట్టారని నాకనిపించింది.

టూర్‌లో అన్నిటికంటే బాగున్నది నడక. ఎంఎంటీఎస్‌లో బేగంపేట, భరత్‌నగర్, బోరబండ దాటి హైటెక్ సిటీలో దిగాం. కొత్తగా వచ్చినవాళ్ళు మెట్రో ఇక్కడే ఉంటుంది అనుకుంటారు, ఎందుకంటే మెట్రో స్టేషన్ పేరు కూడా హైటెక్ సిటీయే. అది అక్కడికి రెండు కిలోమీటర్లకు పైనే ఉంది. ఒకే పేరున్న రెండు స్టేషన్ల మధ్య అంత దూరం మమ్మల్ని నడిపించారు, దారిలో ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోయిందో, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం ఉందో, ఎక్కడ బండ్లు పెట్టేశారో ఒక్కొక్కటీ ఆపి చూపించారు. మాతో ఒకావిడ పిల్లను తోపుడు బండిలో తెచ్చింది, సగం దూరం బండిని ఎత్తుకుని నడవాల్సి వచ్చింది, మిగతా సగం రోడ్డు మీదికి దిగి. చదివితే తెలిసేది కాదిది, ఆ బండి ఒక కొస నేను కూడా పట్టుకున్నాను కాబట్టి చెప్తున్నాను. ఇంకో చోట నీడ లేని బస్ స్టాప్‌లో స్టీలు బెంచీ మీద వేడి కొలిచే మీటరు పెట్టారు. పదిన్నరకే అది ఎవరూ కూర్చోలేనంత కాలుతోంది. ఎండలు పెరుగుతున్న ఊళ్ళో బస్ స్టాప్‌కి నీడ అడగడం కూడా క్లైమేట్ డిమాండే అని మీటరు పట్టుకున్న కుర్రాడు అన్నాడు, నాకు అప్పటిదాకా ఆ రెంటికీ ఉన్న లింకు తట్టలేదు.

టికెట్ల దగ్గర ఇంకో మాట. ఎంఎంటీఎస్‌కి ఐదో పదో ఇచ్చి ఒక టికెట్, మెట్రోకి ఇంకొకటి, బస్సుకి మరొకటి. 2025 మేలో పెరిగాక మెట్రోలో గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు. మూడూ కలిసే ప్రయాణం చేసేవాడికి ప్రతి మలుపులోనూ మళ్ళీ మొదటి నుంచి ఛార్జీ మొదలవుతుంది. చెన్నైలో 2025 సెప్టెంబర్‌లో బస్సు, మెట్రో, లోకల్ రైలు మూడింటికీ ఒకే యాప్‌లో ఒకే టికెట్ తెచ్చారు. మన పిల్లలు అడుగుతున్నది అదే. మనకు మూడూ ఉన్నాయి, 2003 నుంచి ఎంఎంటీఎస్, 2017 నుంచి మెట్రో, బస్సులైతే నిజాం కాలం నుంచి, మరి వీటిని కలిపే పని ఇంకెప్పుడు చేస్తారు?

నిజాం కాలం అంటే గుర్తొచ్చింది, మాతో ఒక రిటైర్డ్ కండక్టర్ గారు వచ్చారు. పిల్లలే పిలిచారట. మెచ్చుకోవాల్సిన విషయం. 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో ఇప్పటి ఆర్టీసీకి మూలమైన సంస్థ మొదలైందని, డబుల్ డెక్కర్ పై అంతస్తుకు ఎక్కి టికెట్లు కొట్టిన రోజులని ఆయన చెప్తుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆయన ఇంకో మాట అన్నారు: "మీరు బస్సులు పెంచమంటున్నారు, బాగానే ఉంది, డ్రైవర్‌ను, కండక్టర్‌ను కూడా పెంచమనండి, ఉన్నవాళ్ళ మీద డబుల్ డ్యూటీలు వేస్తే ఎన్నాళ్ళు నడుస్తాయి." ఆ మాట పిల్లలు మాకిచ్చిన డిమాండ్ల కాగితంలో లేదు. ఉండాలి.

ఇక అసలు విషయం, బస్సుల లెక్క. కేంద్రం సర్వీసు ప్రమాణాల ప్రకారం వెయ్యి మందికి 0.6 బస్సు ఉంటే ఆ ఊళ్ళో సేవ బాగున్నట్టు, అంటే లక్షకు 60. కోటి జనం ఉన్న మనకు 6 వేలు కావాలి. ఉన్నవి సుమారు 3 వేలు. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత సిటీలో బస్సులు తగ్గాయి, 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక ఎక్కే ఆడవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు. నేనూ జీరో టికెట్ తీసుకునేదాన్నే, ఆ పథకం వల్ల మా ఆఫీసు ఊడ్చే ఆవిడకు నెలకు మిగిలే డబ్బులు ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళను చూస్తే భయమేస్తుంది. ఆడవాళ్ళు ఎక్కువ ఎక్కుతున్నారని తిట్టేవాళ్ళకు ఈ పిల్లలు చెప్పే జవాబు నాకు బాగా నచ్చింది: జనం ఎక్కువైతే బస్సు పెంచాలి, జనాన్ని తిట్టకూడదు.

ఎలక్ట్రిక్ బస్సుల మీద కూడా వాళ్ళు గుడ్డిగా చప్పట్లు కొట్టడం లేదు. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకంలో హైదరాబాద్‌కు 2 వేల ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు, వాటికి డిపోల్లో చార్జింగ్ ఏర్పాట్లకంటూ 2025 అక్టోబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. పిల్లల ప్రశ్న ఒక్కటే: ఈ 2 వేలు పాత డీజిల్ బస్సుల స్థానంలోనా, వాటికి అదనంగానా? స్థానంలో అయితే పొగ తగ్గుతుంది, రద్దీ తగ్గదు. రద్దీ తగ్గకపోతే ఇంటర్ పాసైన పిల్లాడు బైకు కొనమని అడుగుతాడు, నాన్న అప్పు చేసి కొంటాడు, బస్సు తగ్గించిన పొగను ఆ బైకు మళ్ళీ తెచ్చి పెడుతుంది. ఇంత సూటిగా ఈ మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నచ్చనివి. టూర్ ఆదివారం పొద్దున పెట్టడం పెద్ద లోపం. ఖాళీ బస్సులో కూర్చుని రద్దీ గురించి వింటే కారున్నవాళ్ళకు ఏం అర్థమవుతుంది? అమీర్‌పేట నుంచి మాకు సీట్లు దొరికాయి! ఒక సోమవారం సాయంత్రం ఆరున్నరకు మెహదీపట్నంలో నిలబెట్టండి, అప్పుడు మీరు మైకు పట్టుకోనక్కర్లేదు.

రెండోది, ఆ డిమాండ్ల కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. కండక్టర్ గారు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు, చదవలేదు. తెలుగు, ఉర్దూ, రెండూ కావాలి ఈ ఊళ్ళో. మాట్లాడేటప్పుడు తెలుగులో చక్కగానే చెప్పారు గానీ చాలా వేగంగా, ట్రాఫిక్ చప్పుడులో వెనక ఉన్న నాకు సగమే వినపడింది.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. టూర్ అంతా హైటెక్ సిటీ వైపే. పాతబస్తీ ఊసే లేదు. మెట్రో గ్రీన్ లైన్ ఎంజీబీఎస్ బస్ స్టేషన్ దగ్గర ఆగిపోయి ఉంది, అక్కడి నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. చార్మినార్ చుట్టూ ఆటోల మీద, బస్సుల మీద బతికే జనం అడగాల్సినవి వేరుగా ఉంటాయి. ఫలక్‌నుమాకు ఎంఎంటీఎస్ ఉంది, ఒక టూర్ అటు పెట్టడానికి అడ్డమేమీ లేదు. ఈ మాట చివర్లో చెప్తే ఆ అమ్మాయి అక్కడికక్కడే రాసుకుంది, "ఆంటీ, అటువైపు తెలిసినవాళ్ళుంటే కలపండి" అంది. మా ఆఫీసులో శాలిబండ నుంచి వచ్చే ఆవిడ ఉంది, ఫోన్ నంబరు ఇవ్వనా అని అడిగాను, ఆవిడ సరేనంది.

వెళ్ళేవాళ్ళు చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, నడక నిజంగానే ఎక్కువ. నీళ్ళ సీసా, గొడుగు ఉంచుకోండి, మధ్యలో టాయిలెట్ ఎక్కడా దొరకదు కాబట్టి స్టేషన్‌లోనే చూసుకుని బయల్దేరండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు హైటెక్ సిటీ నడక వదిలేసి నేరుగా మెట్రో దగ్గర కలవచ్చు, ముందే చెప్తే వాళ్ళు ఒప్పుకుంటారు. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే వాళ్ళను పంపి మీరు ఆగిపోకండి, మీరూ వెళ్ళండి.