ఈ ఎండల్లో ఆన్‌లైన్‌లో ఇన్సులిన్ కొనేవాళ్లు జాగ్రత్త అండి

హైదరాబాద్‌లో ఉంటూ ఇంట్లో ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరూ ఇది చదవండి ప్లీజ్. మా అమ్మకి గ్లార్జిన్ అనే ఇన్సులిన్ కార్ట్రిడ్జిలు (పెన్నులో పెట్టుకునే గొట్టాలు) ఒక ఆన్‌లైన్ మందుల యాప్‌లో ఆర్డర్ పెట్టాం, ఇరవై శాతం పైనే డిస్కౌంట్, పైగా కోల్డ్ చైన్ డెలివరీ, అంటే దారంతా చల్లగా ఉంచి తెస్తామని పెద్ద అక్షరాలతో రాసుంది. మే నెల మిట్టమధ్యాహ్నం వచ్చింది పార్సిల్. విప్పితే థర్మాకోల్ అనేదే లేదు, మామూలు కవర్, లోపల జెల్ ప్యాక్ కరిగిపోయి గోరువెచ్చగా ఉంది, అట్టపెట్టె చెమ్మకి మెత్తబడి చేతికి అంటుకుంటోంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని ఆ పెట్టె మీదే అచ్చేసి ఉంది! ఫోన్ చేస్తే వాళ్ల ఫార్మసిస్టే లైన్లోకొచ్చి "ఏం కాదు మేడం, ఫ్రిజ్‌లో పెట్టి వాడుకోండి, ఇన్సులిన్‌కి రిటర్న్ ఉండదు" అన్నాడు.

అవి వాడాక పొద్దున్నే పరగడుపున షుగర్ 130, 140 ఉండే మనిషికి 260 దాటింది. తిండి మారలేదు, టాబ్లెట్లు మారలేదు. మందు చూస్తే నీళ్లలా తేటగానే ఉంది, అదే భయం, వేడికి దెబ్బతిన్నా ఒక్కోసారి కంటికి ఏ తేడా కనపడదు. మా వీధి మెడికల్ షాపులో ఫ్రిజ్‌లోంచి తీసిచ్చిన కొత్తది మొదలుపెట్టాక అదే డోసుకి షుగర్ మళ్లీ దారికొచ్చింది.

డిస్కౌంట్ ఎవరికి చేదు చెప్పండి. ఇన్సులిన్, సూదులు, స్ట్రిప్పులు, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), కళ్లకీ కిడ్నీకీ టెస్టులు, ఇందులో చాలామటుకు మామూలు ఇన్సూరెన్స్‌లో రావు, అంతా జేబులోంచే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) సర్వేలో పల్లెల్లో 8.9 శాతం మందికి షుగర్ ఉంటే పట్టణాల్లో 16.4 శాతం. ఇంతమంది ప్రతినెలా కొనక తప్పని మందు కాబట్టే ఆఫర్లతో ఎగబడుతున్నారు, ప్యాకింగ్ దగ్గర మాత్రం పది రూపాయలు మిగుల్చుకుంటున్నారు.

ఆన్‌లైన్‌లోనే కొనాలంటే డెలివరీ అబ్బాయి ఉండగానే విప్పి వీడియో తీయండి, ప్యాక్ చల్లగా లేకపోతే తీసుకోకండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు, షాపు డ్రగ్ లైసెన్స్ నంబరు ఉండాలి. షాపులో కొన్నా సరే, రాత్రి ఫ్రిజ్ ఆపేస్తారా అని మొహమాటపడకుండా అడగండి. ఖర్చు తగ్గాలంటే గ్లార్జిన్ లాంటి కొత్తరకాల బదులు పాతరకం మామూలు హ్యూమన్ ఇన్సులిన్ సరిపోతుందేమో డాక్టర్‌ని అడగొచ్చు, చాలా తక్కువలో వస్తుంది, కాకపోతే మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే వయల్‌కి (చిన్న సీసాకి) 40 అని రాసున్న సిరంజీయే వాడాలి, 100 అని ఉన్నది వాడితే డోసు తప్పుతుంది. షుగర్ టాబ్లెట్లయితే బస్తీ దవాఖానాల్లో ఉచితంగా ఇస్తారు, జన ఔషధిలో చవక.

మేం 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి, డ్రగ్ కంట్రోల్ వాళ్లకి కంప్లైంట్ పెట్టాం, డబ్బులింకా రాలేదు. మీ ఇంట్లో కూడా కొత్త ప్యాక్ మొదలుపెట్టగానే షుగర్ ఉన్నట్టుండి పెరిగితే సొంతంగా డోసు పెంచకండి, ఇన్సులిన్ మానేయనూ వద్దు, అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేసి ఆ ప్యాక్ ఎలా వచ్చిందో చెప్పండి. పాడైన మందు మీద పెంచిన డోసు, తర్వాత మంచి మందు వచ్చినప్పుడు కూడా అలాగే వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, రాత్రి నిద్రలో పడిపోతే పక్కనున్నవాళ్లకి కూడా తెలీదు.