యూటీ210ఈ క్లాంప్ మీటర్: పాత లారీ బ్యాటరీ, ఛార్జింగ్ లోపాలు పట్టడానికి ఎంతవరకు పనికొస్తుంది?

పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోయే పాత లారీకి చాలా షెడ్డుల్లో ముందుగా వినిపించే సలహా ఒక్కటే: బ్యాటరీలు మార్చండి. తప్పు బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌లోనో, ఎర్త్ కేబుల్‌లోనో, ఎక్కడో లీకవుతున్న కరెంటులోనో ఉంటే కొత్త జత కూడా కొన్నాళ్లకే పాడవుతుంది. వోల్టులు మాత్రమే చూసి వీటిని విడదీయడం కష్టం, ఆంపియర్లు కూడా చూడాలి. తీగ విప్పకుండా, దాని చుట్టూ దవడలు (క్లాంప్) మూసి డీసీ ఆంపియర్లు చూపించే చిన్న మీటర్లలో యూని-టి యూటీ210ఈ ఈ పనికి బాగా సరిపోతుంది. లోటు ఒక్కచోటే, సెల్ఫ్ మోటార్ దగ్గర.

కొనేటప్పుడు మోడల్ పేరులో చివరి అక్షరం తప్పక చూడండి. ఇదే వరుసలోని ఏ, బీ, సీ రకాలు ఏసీ కరెంటు మాత్రమే కొలుస్తాయి, బండికి పనికిరావు. డీ రకం డీసీలో 200 ఆంపియర్ల దాకా వెళ్తుంది గానీ 10 మిల్లీఆంపియర్ల కంటే సన్నగా చూపించలేదు. 210ఈకి 2, 20, 100 ఆంపియర్ల రేంజీలు ఉన్నాయి. 2 ఆంపియర్ల రేంజీలో ఒక్కో మిల్లీఆంపియర్ తేడా కనిపిస్తుంది. లీకేజీ వెతికేవాళ్లకు కావలసింది ఇదే.

పని మాత్రం వోల్టులతోనే మొదలుపెట్టాలి. 24 వోల్టుల లారీలో రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి జతను కలిపి కొలిచి వదిలేయకూడదు. పైగా ఇది 2000 కౌంట్ల మీటర్ (తెర మీద అంకెలు 1999 దాకానే వస్తాయి), 20 వోల్టులు దాటితే దశాంశం తర్వాత ఒక్క అంకే చూపిస్తుంది. తెర మీద 25.1 కనబడినా లోపల ఒకటి 12.7, రెండోది 12.4 ఉండొచ్చు. బండి ఆపి నాలుగైదు గంటలయ్యాక ఒక్కో బ్యాటరీని విడిగా చూడండి. అంత సమయం లేకపోతే రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వెలిగించి, ఆర్పి, కాసేపు ఆగి చూడండి. 12.6 పైన ఉంటే ఫుల్ ఛార్జి, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు. రెండింటి మధ్య తేడా 0.2 దాటితే అనుమానించాల్సిందే.

ఆ తేడాకు పాత లారీల్లో తరచుగా దొరికే కారణం క్యాబిన్‌లోని పాటల సెట్టు. 12 వోల్టుల స్టీరియోకు, ఫోన్ ఛార్జర్‌కు, చిన్న ఫ్యాన్‌కు ఎర్త్ వైపు బ్యాటరీ ఒక్కదాని నుంచే తీగ లాగేస్తారు. రోజూ ఎక్కువ ఖర్చయ్యేది అదే. ఆల్టర్నేటర్‌కు మాత్రం కనిపించేది జత మొత్తం వోల్టేజీ. అందుకే వాడిన బ్యాటరీకి ఛార్జి చాలదు, రెండోదానికి మితిమీరి డిస్టిల్డ్ వాటర్ త్వరగా ఇంకిపోతుంది. పాడైన ఒక్కదాన్నే మారిస్తే మళ్లీ అదే తంతు. 24 నుంచి 12 వోల్టులకు దించే కన్వర్టర్ పెట్టడమే సరైన మార్గం. ఆ తీగకు క్లాంప్ తగిలిస్తే ఎంత పోతోందో యజమానికి అక్కడికక్కడే చూపించవచ్చు.

ఛార్జింగ్ పరీక్షలోనే ఈ మీటర్ విలువ బాగా తెలుస్తుంది. ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర నడుస్తుండగా జత మీద 27.6 నుంచి 28.8 వోల్టులు రావాలి. టాటా 407 లాంటి 12 వోల్టుల బండిలో 13.8 నుంచి 14.4. జత మీద 29 దాటి నిలబడిపోతే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. తర్వాత బ్యాటరీ కేబుల్‌కు క్లాంప్ పెట్టండి. సెల్ఫ్ కొట్టిన వెంటనే ఛార్జింగ్ కరెంటు ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతూ చివరికి ఐదు ఆంపియర్ల లోపుకు రావాలి. గంట తర్వాత కూడా దిగకుండా, బ్యాటరీ పెట్టె వేడెక్కుతుంటే లోపల సెల్ షార్ట్ అయి ఉండొచ్చు. బ్యాటరీ ఖాళీగా ఉన్నా, టెర్మినళ్ల మీద 28 వోల్టులు ఉన్నా కరెంటు వెళ్లకపోతే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ పొర గట్టిపడినట్టు.

అసలు వోల్టులే పెరగకపోతే ఆల్టర్నేటర్ విప్పకముందే మూడు చూడాలి. బెల్టును బొటనవేలితో నొక్కితే 10–12 మిల్లీమీటర్లకు మించి దిగకూడదు, నూనె అంటి ఉండకూడదు. డ్యాష్‌బోర్డు ఛార్జింగ్ బల్బు తాళం తిప్పగానే వెలగాలి. పాత ఆల్టర్నేటర్లలో చాలావాటికి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. మాడిపోయినా, దాని స్థానంలో ఎల్‌ఈడీ వేసినా ఛార్జింగ్ మొదలవకపోవచ్చు. మూడోది ఎర్త్. హెడ్‌లైట్లు వేసి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మైనస్ పోస్టుకూ ఆల్టర్నేటర్ బాడీకీ మధ్య 0.2 వోల్టులకు మించి రాకూడదు. వస్తే లగ్గుల (కేబుల్ చివర బిగించే ముక్కల) కింద తుప్పు, రంగు గీకండి. ఇలాంటి చిన్న వోల్టులను ఈ మీటర్ చాలా స్పష్టంగా చూపిస్తుంది.

లీకేజీ కొలిచేటప్పుడే ఎక్కువమంది తప్పు చేస్తారు. డీసీ క్లాంప్ భూమి అయస్కాంతత్వాన్ని కూడా పట్టుకుంటుంది, మీటర్ తిప్పితే అంకె మారుతుంది. అందుకే తీగ పక్కనే, కొలవబోయే దిశలోనే పట్టుకుని, దవడలు మూసి జీరో నొక్కాలి. తర్వాత మీటర్ తిప్పకుండా తగిలించాలి. పెద్ద కరెంటు కొలిచాక దవడల్లో అయస్కాంతత్వం కొంత మిగులుతుంది, మళ్లీ జీరో చేయాలి. మైనస్ పోస్టు మీది తీగలన్నీ దవడల్లోకి రావాలి. అదనంగా బిగించిన సన్న తీగ ఒకటి బయట ఉండిపోతే అది మోసే లీకేజీ లెక్కలోకి రాదు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) లేని పాత బండిలో, అన్నీ ఆపి ఉంటే, జీపీఎస్ పెట్టినా 50 మిల్లీఆంపియర్లు దాటడం మామూలు కాదు. అర ఆంపియర్ పోతుంటే రోజుకు 12 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల జత నాలుగు రోజుల్లో సగానికి దిగిపోతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎప్పుడు పడుతుందో చూడండి. ఏది తీసినా పడకపోతే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే లావు తీగకు క్లాంప్ మార్చండి. ఇంజిన్ ఆగి ఉన్నా అక్కడ కరెంటు గట్టిగా కనిపిస్తే ఆల్టర్నేటర్ లోపలి డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పోయింది.

ఇక లోటు. సెల్ఫ్ మోటార్ వందల ఆంపియర్లు లాగుతుంది, 100 దగ్గర ఈ మీటర్ చేతులెత్తేస్తుంది. దవడలు 17 మిల్లీమీటర్లే తెరుచుకుంటాయి, పైన గొట్టం తొడిగిన సెల్ఫ్ కేబుల్ పట్టదు. సొంత బండి ఒకటి రెండు ఉన్నవాళ్లకు దీనితో ఇబ్బంది లేదు. సెల్ఫ్ కొడుతుండగా ఒక్కో బ్యాటరీ 9.6 వోల్టుల కింద పడుతోందా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. రోజూ సెల్ఫ్ మోటార్లు విప్పే షెడ్డుకైతే 600 ఆంపియర్ల డీసీ క్లాంప్ కొనడం మేలు.

పెట్టెలో వచ్చే ప్రోబులకు తోడు మొసలి క్లిప్పుల జత కొనుక్కోండి, ఇంజిన్ నడుస్తుండగా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మీటర్ చేతికొచ్చాక ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే అలవాటు మానేయండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి, బాగున్న డయోడ్లు, రెగ్యులేటర్ కూడా ఆ క్షణంలోనే పోవచ్చు.